ఓవల్ నుంచి రోడ్ కోర్స్‌కి: స్టాక్ కార్ డ్రైవర్ ఎలా సిద్ధం కావాలి

ఓవల్ (ఎప్పుడూ ఎడమకే తిరిగే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్) మీద పెరిగిన స్టాక్ కార్ (చూడటానికి మామూలు కారులా ఉండే రేసు బండి) డ్రైవర్‌ని మొదటిసారి రోడ్ కోర్స్‌కి (కుడి ఎడమ మలుపులు రెండూ ఉన్న ట్రాక్) రమ్మంటే అతనికి పట్టుకునే టెన్షన్ కుడి మలుపులది. ఇన్నేళ్ళూ ఎడమకే తిప్పాం, ఇప్పుడు కుడికి ఎలా తిప్పడం అని. ఆ భయం ఒక్క పూటలో పోతుంది. చేతులు తొందరగానే నేర్చుకుంటాయి, ఆలస్యమయ్యేది కాళ్ళకి. రోడ్ కోర్స్ మీద బండిని పదే పదే, పెద్ద వేగం నుంచి చిన్న వేగానికి, ప్రతి ల్యాప్‌లోనూ అదే చోట దించాలి. ఓవల్ మనకి ఆ పని అంతగా నేర్పదు.

నేను నార్త్ కరోలినాలో చిన్న ఓవల్ ట్రాక్‌ల మీద వారాంతాల్లో లేట్ మోడల్ (స్థానిక ట్రాక్‌ల మీద పరిగెత్తే ఒక రకం స్టాక్ కార్) నడుపుతాను. రోడ్ కోర్స్ మీదికి వెళ్ళిన మొదటి రోజే బ్రేకుల దగ్గర దెబ్బ తిన్నాను. అందుకే కింద రాసినదాంట్లో బ్రేకుల వాటా ఎక్కువ. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా అమెరికాలో స్టాక్ కార్ల అతి పెద్ద పోటీ అయిన నాస్కార్ కప్ సిరీస్ నుంచే తీసుకున్నాను. ఆ రేసులు ఎవరైనా చూసి పోల్చుకోవచ్చు. మీరు నడిపేది లేట్ మోడల్ అయినా, ఇంట్లో సిమ్యులేటర్ అయినా సిద్ధమయ్యే వరస ఇదే.

1. బండి ఎక్కకముందే ట్రాక్‌ని బట్టీ పట్టండి

రేసుకి రెండు వారాల ముందు ట్రాక్ మ్యాప్ ఒకటి పెద్దగా ప్రింట్ తీసుకోండి. ప్రతి మలుపు పక్కన నాలుగు విషయాలు రాయండి: ఎటు తిరుగుతుంది, ఏ గేరు, ఎక్కుడా దిగుడా, దాని తర్వాత ఏముంది. ఈ నాలుగోదే అసలు విషయం. మలుపు తర్వాత పొడవాటి స్ట్రెయిట్ ఉంటే, అక్కడ బయటికి వచ్చే వేగం ఆ స్ట్రెయిట్ చివరి దాకా మీ వెంట వస్తుంది. మలుపు తర్వాత వెంటనే ఇంకో మలుపు ఉంటే, మొదటి దాంట్లో సంపాదించింది రెండో దాంట్లో పోతుంది. కాబట్టి ఏ మలుపులో బండిని లోపలికి దూకించాలి, ఏ మలుపులో ఓపిక పట్టాలి అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌నే తీసుకోండి. కప్ కార్లు పరిగెత్తే ల్యాప్ 2.45 మైళ్ళు, అంటే దాదాపు 3.9 కిలోమీటర్లు. మొదటి మలుపు కుడికి. అక్కడి నుంచి రోడ్డు నీలం రంగు గార్డ్ రెయిల్స్ మధ్య కొండెక్కుతూ మెలికలు తిరుగుతుంది, ఆ మెలికల తర్వాత వెనక వైపు స్ట్రెయిట్ వస్తుంది. మొదటి మలుపులో కాస్త ఆశపడి ఆలస్యంగా బ్రేకు వేసి బండి బయటికి జారిందంటే, ఆ నష్టం కొండ ఎక్కే దారంతా, వెనక స్ట్రెయిట్ అంతా మోయాల్సిందే. ఆ స్ట్రెయిట్ చివర ఇన్నర్ లూప్ అనే మెలిక ఉంది, బస్ స్టాప్ అని కూడా పిలుస్తారు. అది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1991 రేసులో జె.డి. మెక్‌డఫీ అక్కడ, ఐదో మలుపు దగ్గర, ప్రమాదంలో చనిపోయారు. మరుసటి ఏడాది వేగం తగ్గించడానికే ఆ మెలిక కట్టారు. ఒక మలుపు ఎందుకు అలా ఉందో తెలిస్తే, దాన్ని ఎంత గౌరవంగా చూడాలో కూడా తెలుస్తుంది.

కాలిఫోర్నియాలోని సోనోమా తీరు వేరు. 1.99 మైళ్ళ ల్యాప్‌లో కొండెక్కడం, దిగడం, పదకొండో మలుపు దగ్గర దాదాపు వెనక్కి తిరిగి రావడం. షికాగో నగర వీధుల్లో 2023 నుంచి 2025 దాకా జరిగిన రేసులు ఇంకో రకం: తప్పు చేస్తే జారిపోవడానికి చోటు ఉండదు, పక్కనే గోడ. అదే 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ రేసు చూసినవాళ్ళకి ఆ గోడల మధ్య పరుగు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ట్రాక్‌కి చేరగానే వీలుంటే ఒక ల్యాప్ నడవండి. నడిస్తే తప్ప తెలియనివి కొన్ని ఉంటాయి. రోడ్డు ఎటు వాలి ఉంది, కర్బ్ (మలుపు అంచున కట్టిన గట్టు) ఎంత ఎత్తు, తారు ఎక్కడ అతుకు వేశారు, మలుపు బయట గడ్డి ఉందా కంకర ఉందా. నడుస్తున్నప్పుడే బ్రేకు గుర్తులు ఎంచుకోండి. కదలని వస్తువునే తీసుకోవాలి: దూరం చెప్పే బోర్డు, కంచె స్తంభం, తారు రంగు మారే గీత. నీడని గుర్తుగా పెట్టుకోకండి, మధ్యాహ్నానికి అది జరిగిపోతుంది. ప్రతి మలుపుకీ ఒక గుర్తు చాలదు, రెండు పెట్టుకోండి. ముందు బండి వెనక దగ్గరగా వెళ్తున్నప్పుడు మొదటిది కనపడకపోవచ్చు.

2. సిమ్యులేటర్‌లో వేగం కోసం చూడకండి

కప్ జట్లకి కార్ల కంపెనీల పెద్ద సిమ్యులేటర్లు ఉంటాయి. మనకి ఇంట్లో కంప్యూటర్ మీద ఆడే ఐరేసింగ్ లాంటివి చాలు. దాన్ని వాడాల్సింది ట్రాక్ ఆకారం మెదడులోకి ఎక్కించుకోవడానికి, తర్వాతి మలుపు ఏదో ఆలోచించకుండా చెప్పగలిగే స్థితికి రావడానికి. కళ్ళు మూసుకుని, చేతిలో స్టీరింగ్ ఉన్నట్టు ఊహించుకుని ల్యాప్ మొత్తం పైకి చెప్పగలిగితే ఆ పని అయినట్టే. సిమ్యులేటర్ బ్రేకు పెడల్‌కి వేడి తెలియదు, ద్రవం మరగదు, మీ మెడ నొప్పి పుట్టదు. అక్కడి ల్యాప్ టైమ్‌ని నమ్ముకుని ట్రాక్ మీద అదే చోట బ్రేకు వేయాలని చూడొద్దు.

3. బ్రేకు: ఎక్కువ రోజులు దీనికే ఇవ్వండి

కప్ కారు బరువు డ్రైవర్, ఇంధనం కాకుండానే సుమారు 1,450 కిలోలు. ఫార్ములా వన్ కారుతో పోలిస్తే దాదాపు రెట్టింపు, పైగా గాలి దాన్ని నేలకి నొక్కిపెట్టే బలం చాలా తక్కువ. ఇంత బరువుని ఆపడం చిన్న విషయం కాదు. 1973లో మార్క్ డోనహ్యూ రివర్‌సైడ్ రోడ్ కోర్స్ మీద రోజర్ పెన్స్కీ జట్టు మాటడార్ కారుతో గెలిచినప్పుడు, ఆ బండి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. అప్పట్లో స్టాక్ కార్లలో అది కొత్త. రోడ్ కోర్స్ మీద బ్రేకుల విలువ ఆ రోజుల్లోనే తేలిపోయింది.

మొదట కాలు సంగతి. ఓవల్ మీద మనం బ్రేకుని చాలాసార్లు నిమురుతాం, ముందు భాగం కాస్త వంగి మలుపులోకి తిరగడానికి సరిపడా. రోడ్ కోర్స్ మీద మొదటి తొక్కు గట్టిగా ఉండాలి. వేగం ఎక్కువగా ఉన్నప్పుడే బండి గట్టి బ్రేకుని తట్టుకుంటుంది. వేగం తగ్గే కొద్దీ కాలు కొద్దికొద్దిగా వదలాలి, లేకపోతే చక్రం లాక్ అవుతుంది. ముందు చక్రం లాక్ అయితే బండి స్టీరింగ్ మాట వినకుండా తిన్నగా పోతుంది, టైర్ మీద ఒక చోట చదును పడి మిగతా రేసంతా వణుకుతుంది. వెనక చక్రం లాక్ అయితే బండే తిరిగిపోతుంది.

ఇప్పుడు వదలడం. నా లెక్కలో రోడ్ కోర్స్ డ్రైవర్‌కి నిజంగా కావలసిన విద్య ఇదొక్కటే. మలుపులోకి తిప్పడం మొదలుపెట్టగానే బ్రేకు మీద నుంచి కాలు తటాలున తీసేశారనుకోండి, ముందు టైర్ల మీద ఉన్న బరువు ఒక్కసారిగా వెనక్కి పోతుంది, బండి తిరగదు. అలా కాకుండా స్టీరింగ్ ఎంత తిప్పుతుంటే బ్రేకు అంత వదులుతూ, మలుపు లోపలి అంచుకి చేరేసరికి పూర్తిగా వదిలేయాలి. పసిపాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి చేతులు తీసినట్టు తీయాలి కాలు. మార్టిన్స్‌విల్ లాంటి అర మైలు ట్రాక్‌ల మీద ఎక్కువ నడిపినవాళ్ళకి ఇది కొంత తెలిసే ఉంటుంది. పెద్ద ఓవల్‌ల మీద పెరిగినవాళ్ళు మొదటి నుంచి నేర్చుకోవాలి.

దీన్ని సాధన చేయడానికి ఒక పద్ధతి ఉంది. ఖాళీ ట్రాక్ దొరికితే ఒకే మలుపు ఎంచుకోండి. మీరనుకున్న చోటికంటే ఇరవై ముప్పై అడుగులు ముందే బ్రేకు వేయండి, కానీ వదలడం మీదే మనసు పెట్టండి. బండి తనంతట తాను లోపలి అంచుకి వస్తోందని అనిపించేదాకా అదే మలుపు. అది కుదిరాకే బ్రేకు గుర్తుని ఒక్కో బండి పొడవు చొప్పున ముందుకి జరపండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఆలస్యంగా తొక్కడం నేర్చుకుని, వదలడం ఎప్పటికీ నేర్చుకోరు.

ఆలస్యంగా తొక్కితే ఏమవుతుందో 2018లో షార్లెట్ రోవల్ మొదటి రేసు చూపించింది. ఓవల్‌లో కొంత, లోపలి రోడ్డు కొంత కలిపి తయారు చేసిన ట్రాక్ అది. చివరి ల్యాప్‌లో, ఆఖరి మెలిక దగ్గర, ఏడుసార్లు ఛాంపియన్ అయిన జిమ్మీ జాన్సన్ ముందున్న మార్టిన్ ట్రూఎక్స్‌ని దాటాలని లోతుగా వెళ్ళారు. చక్రాలు లాకై బండి తిరిగి ట్రూఎక్స్‌ని తాకింది. మూడో స్థానంలో ఉన్న రయన్ బ్లేనీ పక్క నుంచి వచ్చి గెలిచారు. జాన్సన్ ఆ రోజుతో ప్లేఆఫ్స్ (ఛాంపియన్‌ని తేల్చే చివరి రేసులు) నుంచే వెళ్ళిపోయారు. అంత అనుభవం ఉన్నవాడికే జరిగింది, మనమెంత.

తర్వాత బండి వైపు బ్రేకులు. రేసు బ్రేకు ద్రవం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పడతాయి, పెడల్ నేలకి అంటుతుంది. నా మొదటి రోడ్ కోర్స్ రోజున జరిగింది ఇదే. ఓవల్ సీజన్ అంతా వాడిన ద్రవంతోనే వెళ్ళాను. తొమ్మిదో ల్యాప్‌లో పెడల్ మెత్తబడింది, పదో ల్యాప్‌లో కాలు కింద ఏమీ లేదు. దేవుడి దయ, ఆ మలుపు బయట చదునైన గడ్డి ఉంది. ఆ రోజు నుంచి నా లిస్టులో మొదటి మాట: ట్రాక్‌కి వెళ్ళే వారంలోనే కొత్త రేసు ద్రవం, ప్రాక్టీస్ అవ్వగానే మళ్ళీ బ్రేకు పైపుల్లోని గాలి తీయడం. కొత్త ప్యాడ్‌లని రేసు కోసం దాచిపెట్టి నేరుగా వాడకండి, మెల్లగా వేడెక్కించి చల్లార్చి డిస్క్‌కి అలవాటు చేయాలి. బ్రేకులని చల్లబరిచే గాలి గొట్టాలు ముందు చక్రాలు రెండింటికీ సమానంగా ఉన్నాయో చూడండి. ఓవల్ కోసం ఒక వైపు టేపు వేసి మర్చిపోయిన బండ్లు నేను చూశాను.

ముందు, వెనక బ్రేకుల పంపకాన్ని డ్రైవరే మార్చుకునే నాబ్ ఉంటే, దాన్ని ఎటు తిప్పితే ఏమవుతుందో చీకట్లో కూడా చెప్పగలగాలి. ట్యాంకు వెనక ఉంటుంది కాబట్టి ఇంధనం తగ్గే కొద్దీ వెనక తేలికవుతుంది, వెనక చక్రాలు తొందరగా లాకవుతాయి. ఆ సంగతి తెలిసి ముందుగానే ఒక పిసరు ముందు వైపుకి తిప్పుకునేవాడు రేసు చివర్లో కుదురుగా ఉంటాడు.

4. గేర్లు, పాదాలు

2022లో వచ్చిన కొత్త కప్ కారుకి ఐదు గేర్ల సీక్వెన్షియల్ పెట్టె ఉంది. లివర్‌ని వెనక్కి లాగితే పై గేరు, ముందుకి తోస్తే కింది గేరు. పాత కార్లలో, ఇప్పటికీ మన లేట్ మోడల్స్‌లో, హెచ్ ఆకారంలో నాలుగు గేర్లు. అక్కడ కంగారులో నాలుగు నుంచి మూడుకి బదులు ఇంకో చోట పడిందంటే ఇంజిన్ పోయినట్టే. రెండింటికీ ఒకే సూత్రం: ముందు వేగం తగ్గాలి, తర్వాత గేరు దిగాలి.

మన ఘాట్ రోడ్ల మీద నడిపినవాళ్ళకి ఇంజిన్‌తో బండిని పట్టి దించే అలవాటు ఉంటుంది. తిరుమల దిగేటప్పుడు అదే సరైన పద్ధతి. రేసులో మాత్రం దాన్ని మర్చిపోండి. వేగం తగ్గకముందే గేరు దించితే వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టేస్తాయి, పాత రకం ఇరుసు ఉన్న బండి అయితే వెనక భాగం కప్పలా గెంతుతుంది. బండిని ఆపేది బ్రేకే. గేరు దించేది మలుపు బయటికి వచ్చేటప్పుడు సరైన గేరులో ఉండటానికి.

కింది గేరు పడే క్షణంలో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజిన్ వేగాన్ని చక్రాల వేగంతో కలపాలి. ఎడమ కాలితో బ్రేకు వేసేవాళ్ళకి కుడి కాలు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇది సులువు. కుడి కాలితో బ్రేకు వేసేవాళ్ళు పాదం ముందు భాగం బ్రేకు మీద ఉంచి, మడమ పక్కతో యాక్సిలరేటర్‌ని తట్టాలి.

ఏది మంచిది అని అందరూ అడుగుతారు. కప్‌లో ఇప్పుడు చాలామంది ఎడమ కాలి వాళ్ళే. న్యూజిలాండ్ నుంచి వచ్చిన షేన్ వాన్ గిస్బర్గెన్ కుడి కాలితో బ్రేకు, ఎడమ కాలితో క్లచ్. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో మూడుసార్లు ఛాంపియన్ అయిన మనిషి. 2023లో షికాగోలో తన మొట్టమొదటి కప్ రేసే గెలిచారు, 1963 తర్వాత అలా గెలిచినవాళ్ళు లేరు. 2025లో ఆరు రోడ్ కోర్స్, వీధి రేసులు జరిగితే ఐదు ఆయనవే. కప్ కార్ల స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ డేటాని నాస్కార్ అన్ని జట్లకూ ఇస్తుంది. అంటే ఆయన ఎక్కడ తొక్కుతున్నారో, ఎక్కడ వదులుతున్నారో పోటీదారులందరికీ తెలుసు. తెలిసినా కాలికి రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఒక వారంలో కాలు మార్చుకోకండి. మీకు అలవాటైన కాలితోనే నేర్చుకోండి.

ఎదురు దారిలో వచ్చినవాళ్ళ కష్టం కూడా తక్కువేం కాదు. ఫార్ములా వన్‌లో నడిపిన మన నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌కి వచ్చి, మార్టిన్స్‌విల్ ఓవల్‌తో మొదలుపెట్టారు. ఆయన వదులుకోవాల్సిన అలవాట్లే మనం నేర్చుకోవాల్సినవి.

5. ఓవల్ బండిని రెండు వైపులా తిరిగేలా చేయడం

కప్ కారు ఇప్పుడు రెండు వైపులా ఒకే రకంగా ఉంటుంది. వెనక చక్రాలకి విడివిడి సస్పెన్షన్, 18 అంగుళాల అల్యూమినియం రిమ్. లేట్ మోడల్ అలా కాదు. అది పుట్టిందే ఎడమకి తిరగడానికి. బరువు ఎడమకి జరిపి, వెనక కుడి టైర్ చుట్టుకొలత ఎడమదానికంటే పెద్దది పెట్టి, ముందు చక్రాలు రెండూ ఒకే పక్కకి వాల్చి నడుపుతాం. అలాంటి బండిని కుడికి తిప్పితే ఎదురు తిరుగుతుంది. టైర్లు సమానం చేయాలి, ముందు చక్రాల వాలు రెండు పక్కలా ఒకేలా పెట్టాలి, రూల్స్ ఒప్పుకున్నంత వరకు బరువుని మధ్యకి తేవాలి.

చాలామంది మర్చిపోయేది ఒకటి ఉంది. ఓవల్ మీద ఇంధనం ఎప్పుడూ కుడి పక్కకే కొట్టుకుపోతుంది కాబట్టి, ట్యాంకులో పీల్చుకునే గొట్టం కుడి వెనక మూలలో పెడతారు. రోడ్ కోర్స్‌లో పొడవాటి కుడి మలుపులో ఇంధనం ఎడమకి పోతుంది. ట్యాంకు సగం కంటే తక్కువ ఉంటే ఇంజిన్ దగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్‌కీ ఇదే గొడవ, ఆయిల్ ప్రెషర్ లైటు మీద కన్నేయండి. మెకానిక్‌తో ఈ రెండూ ముందే మాట్లాడుకోండి.

సెటప్ విషయంలో నా సలహా ఒకటే. మొదటిసారి వెళ్ళేటప్పుడు బ్రేకు వేస్తే తిన్నగా ఆగే బండి, మలుపు బయట యాక్సిలరేటర్ వేస్తే వెనక జారని బండి అడగండి. లోపలికి కాస్త మొండిగా తిరిగినా పరవాలేదు.

6. సీటు, కళ్ళు, ఒళ్ళు

మన సీటు బండికి ఎడమ పక్కన. ఓవల్‌లో లోపలి గీత కిటికీ పక్కనే ఉంటుంది. వాట్కిన్స్ గ్లెన్, సోనోమా లాంటి చోట్ల ఎక్కువ మలుపులు కుడికి, లోపలి కర్బ్ బండికి అవతలి పక్కన. తల చుట్టూ ఉండే సీటు రెక్క, బానెట్ కలిసి దాన్ని దాచేస్తాయి. బండి నిలబెట్టి, కుడి చక్రం దగ్గర నేల మీద ఒక కోన్ పెట్టించుకుని, సీట్లో కూర్చుని అది ముందు అద్దంలోంచి ఎక్కడ కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. పది నిమిషాల పని, దాని వల్ల కర్బ్‌ని తప్పించుకోవడం కాదు, కావాలనుకున్నప్పుడు తాకడం వస్తుంది.

చూపు ఎప్పుడూ ఒక మలుపు ముందు ఉండాలి. బ్రేకు తొక్కగానే కళ్ళు లోపలి అంచుకి, అంచుకి చేరకముందే బయటి అంచుకి.

ఇక మెడ. ఓవల్‌లో తల ఒక్క పక్కకే లాగుతుంది, ఆ పక్కన ఆనుకోవడానికి దిండు ఉంటుంది. ఇక్కడ రెండు పక్కలా, ముందుకి కూడా. నెల రోజుల ముందు నుంచే మెడకి వ్యాయామం మొదలుపెట్టండి. బండి లోపల వేడి 50 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేసు రోజు పొద్దున తాగిన నీళ్ళు సరిపోవు, రెండు రోజుల ముందు నుంచి తాగాలి.

7. ప్రాక్టీస్‌లో ఇచ్చే కాస్త సమయం

ప్రాక్టీస్ అంటే చాలాసార్లు అరగంట కూడా ఉండదు. మొదటి రెండు ల్యాప్‌లు టైర్లూ బ్రేకులూ వేడెక్కించడానికి, గుర్తులు ఉన్న చోటే ఉన్నాయో చూసుకోవడానికి. తర్వాత నాలుగైదు ల్యాప్‌లు ఏ మార్పూ లేకుండా ఒకేలా నడపండి. ఒకేలా నడపకపోతే క్రూ చీఫ్‌కి (బండి సెటప్ చూసే జట్టు పెద్ద) మీరు చెప్పేది బండి గురించో మీ గురించో తెలియదు. రేడియోలో "బాగా లేదు" అనకండి. ఏ మలుపు, బ్రేకు వేసేటప్పుడా, మధ్యలోనా, బయటికి వచ్చేటప్పుడా, ముందు జారిందా వెనక జారిందా, అంతే చెప్పండి. ఒకసారికి ఒకే మార్పు అడగండి.

పిట్ లేన్ (టైర్లు, ఇంధనం కోసం ఆగే పక్క దారి) వేగం కూడా ఇప్పుడే సరిచూసుకోవాలి. స్టాక్ కారులో స్పీడోమీటర్ ఉండదు. ఏ గేరులో ఎంత ఆర్‌పీఎం దగ్గర పరిమితి వస్తుందో లెక్కగట్టి, లైట్ల మీద గుర్తు పెట్టుకోవాలి. ప్రాక్టీస్‌లో పిట్‌లోకి వచ్చిన ప్రతిసారీ రేసులో వచ్చినట్టే రండి.

8. రేసులో

రీస్టార్ట్ (పసుపు జెండా తర్వాత రేసు మళ్ళీ మొదలవడం) దగ్గర మొదటి మలుపులో గెలిచేది ఏమీ ఉండదు, పోగొట్టుకునేది చాలా ఉంటుంది. అందరూ ఒకేసారి లోపలికి తోసుకొస్తారు. మీ గుర్తు కంటే ముందే బ్రేకు వేయండి, ఎందుకంటే ముందువాడు కూడా ముందే వేస్తాడు. అడ్డదారులు నమ్ముకోకండి. 2022లో ఇండియానాపొలిస్ రోడ్ కోర్స్ మీద చివరి రీస్టార్ట్‌లో రాస్ చాస్టెయిన్ మొదటి మలుపు గుంపుని తప్పించుకోవడానికి పక్కనున్న సర్వీసు దారి గుండా వెళ్ళి రెండో స్థానంలో ముగించారు. 30 సెకన్ల పెనాల్టీ పడి 27వ స్థానానికి పోయారు. ఏ కర్బ్ దాటితే శిక్ష, ఏ మెలిక తప్పితే ఆగి వెళ్ళాలి అన్నవి డ్రైవర్ల మీటింగ్‌లో చెబుతారు, రాసుకోండి.

కర్బ్‌లు స్నేహితులు కారు. అదే ట్రాక్ మీద 2021లో ఒక కర్బ్ ఊడి వచ్చి చాలా బండ్లు పాడయ్యాయి. ప్రాక్టీస్‌లో తాకి చూసినవాటినే రేసులో తాకండి.

ఓవల్‌లో ఒక్క స్పాటర్ (ఎత్తు నుంచి చూస్తూ రేడియోలో చెప్పే మనిషి) ట్రాక్ మొత్తం చూస్తాడు. ఇక్కడ కొండలూ చెట్లూ అడ్డం. పెద్ద జట్లు రెండు మూడు చోట్ల మనుషుల్ని నిలబెడతాయి. మీకు ఒక్కడే ఉంటే, అతను ఏ మలుపులు చూడలేడో ముందే చెప్పించుకోండి. అక్కడ అద్దాలూ, మలుపు దగ్గర జెండా ఊపేవాళ్ళే మీకు దిక్కు. పసుపు జెండా ఒక్క మలుపుకే కూడా ఊపొచ్చు.

ఇంధనం లెక్క చివరి ల్యాప్ నుంచి వెనక్కి వేసుకోవాలి. చివరి దాకా సరిపోయేలా ఎన్నో ల్యాప్‌లో నింపాలి అన్నదే మొదటి ప్రశ్న. మిగతా పిట్ స్టాప్‌లు దాన్ని బట్టి. ఆదా చేయడానికి మంచి చోటు స్ట్రెయిట్ చివర, బ్రేకు గుర్తుకి కాస్త ముందే యాక్సిలరేటర్ వదిలేయడం. ఇంజిన్ ఆపేయడం లాంటివి మాత్రం వద్దు. 2010లో సోనోమాలో మార్కస్ ఆంబ్రోస్ మొదటి స్థానంలో ఉండగా, పసుపు జెండా కింద ఇంధనం మిగల్చడానికి ఇంజిన్ ఆపారు. ఎక్కుడు దారిలో అది వెంటనే స్టార్ట్ కాలేదు, వేగం నిలపలేదని వెనక్కి పంపించారు. జిమ్మీ జాన్సన్ గెలిచారు. ఆంబ్రోస్ తర్వాత 2011, 2012ల్లో వాట్కిన్స్ గ్లెన్ గెలిచి ఆ బాధ తీర్చుకున్నారు.

9. వాన పడితే

ఓవల్‌లో వాన అంటే చాలాసార్లు విశ్రాంతి. రోడ్ కోర్స్ మీద గాడులున్న టైర్లు, వైపర్, వెనక లైటుతో నడిపిస్తారు. పొడి రోజున వేగంగా ఉండే దారి మీద రబ్బరు పేరుకుని, తడిసి నున్నగా అవుతుంది. దాని పక్కన, గరుకు తారు మీద నడపండి. రంగు వేసిన కర్బ్‌లూ తెల్ల గీతలూ సబ్బులా ఉంటాయి. బ్రేకు ముందుగా, మెత్తగా, యాక్సిలరేటర్ ఇంకా మెత్తగా. ట్రాక్ ఆరుతుంటే వాన టైర్లు వేడెక్కి చిరిగిపోతాయి, స్ట్రెయిట్‌లో తడి ఉన్న చోట్లు వెతుక్కుంటూ వెళ్ళి వాటిని చల్లబరచండి.

జారడం కంటే కనపడకపోవడం పెద్ద ప్రమాదం. 2021లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ (కోటా) ట్రాక్ మీద ముందు బండ్లు లేపిన తుంపర్లలో వెనకవాళ్ళకి ఏమీ కనిపించక పెద్ద గుద్దులు జరిగాయి, చివరికి రేసు 68 ల్యాప్‌లకి బదులు 54 దగ్గరే ఆపేశారు. అద్దం లోపల ఆవిరి పట్టకుండా ముందే మందు రాయించండి. స్ట్రెయిట్‌లో ముందు బండి వెనక తిన్నగా ఉండకుండా సగం బండి పక్కకి జరిగి వెళ్ళండి. ఏమీ కనపడకపోతే రేడియోలో చెప్పండి, సిగ్గు పడాల్సిన పని లేదు.

10. జెండా పడ్డాక

చివరి ల్యాప్ తర్వాత వెంటనే బండి ఆపేయకండి. ఒక ల్యాప్ మెల్లగా, బ్రేకు వాడకుండా తిరిగి, డిస్క్‌లకి గాలి తగలనివ్వండి. ఎర్రగా కాలిన డిస్క్‌తో నిలబెట్టేస్తే ప్యాడ్ అతుక్కుంటుంది, డిస్క్ పగులుతుంది. హెల్మెట్ తీయగానే నోట్‌బుక్ అందుకోండి. ఏ మలుపులో ఏ గుర్తు దగ్గర తొక్కారో, రేసు చివర్లో అది ఎంత వెనక్కి జరిగిందో, నాబ్‌ని ఎన్నిసార్లు తిప్పారో రాయండి. మెకానిక్‌ని ప్యాడ్‌లు నాలుగు చోట్లా కొలిచి అంకెలు పక్కనే రాయమనండి. డిస్క్‌ల మీద వెంట్రుక లాంటి పగుళ్ళు ఉన్నాయేమో టార్చి వేసి చూసి, ఉంటే ఆ రాత్రే తీసి పక్కన పడేయించండి.